చొక్కా కాల్చిన పుస్తకం

మా పిన్నికి ఒక పట్టుదల ఉంది. ఏ చోటికి వెళ్తే ఆ నేలకు తగిన పుస్తకం వెంట ఉండాలి. సముద్రం చూడ్డానికి వెళ్లినప్పుడు ఓడల నవల ఒకటి తీసుకెళ్లి మా బాబాయికి చదివి వినిపించింది. ఆయన రెండో పేజీకే గుర్రు పెట్టాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె కోరిక ఒక్కటే, ఆ మనిషి జన్మలో ఒక్క పుస్తకమైనా పూర్తిగా చదవాలని. ఆయనేమో చదువొచ్చి కూడా పుస్తకం జోలికి పోని రకం.

వాళ్లిద్దరిదీ ఇస్త్రీ దుకాణం. బాబాయి ఇస్త్రీ చేస్తాడు, పిన్ని ఊడిన గుండీలు కుడుతుంది. ఈసారి సెలవులకు ఎడారికి వెళ్దామన్నది బాబాయే.

"తడిబట్టలు చూసీ చూసీ మొహం మొత్తింది. ఎక్కడైనా పొడిగా ఉండే చోటికి పోదాం" అన్నాడు.

ఇక పిన్ని కాలు నేల మీద నిలవలేదు. లైబ్రరీ నుంచి సంచి నిండా ఎడారి పుస్తకాలు మోసుకొచ్చింది. వాటిలో ఏది తీసుకెళ్లాలి? దుకాణంలో ఒక్కోదాన్నించీ నాలుగు పేజీలు పైకి చదివేది. బాబాయి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగితే ఆ పుస్తకం నెగ్గినట్టు. రాజుల కోటల గురించి చదివింది. పెట్టె ఆగలేదు. ఒంటెల వ్యాపారుల గురించి చదివితే ఆగకపోగా వేగం పెరిగింది. దాహంతో అల్లాడేవాడి కథ చదివితే, "ఆ నీళ్ల చెంబు ఇలా అందించు" అన్నాడు.

ఆఖరికి ఒక సన్నటి నవల తీసింది. ఊరంతా నవ్వుతున్నా ఒకడు ఎడారిలో బావి తవ్వుతుంటాడు. కూతురు పైన తాడు పట్టుకుని నిలబడుతుంది. ఉన్నట్టుండి లోపలి నుంచి మాట ఆగిపోతుంది.

బాబాయి చెయ్యి ఆగింది. పిన్ని ఆనందం పట్టలేక పుస్తకం టపీమని మూసేసింది.

"అదేంటి? వాడు బతికే ఉన్నాడా? నీళ్లు పడ్డాయా?"

"ఎడారికి వెళ్లాకే మిగతాది!"

ఈలోగా పెట్టె కింద పొగ లేచింది. ఆ చొక్కా నాది. కొత్త ఉద్యోగంలో మొదటి రోజుకని దాచుకున్నది. నేను లబోదిబోమంటుంటే, "పోనీలేరా, పుస్తకం దొరికింది!" అంది పిన్ని. ఒళ్లు మండిపోయింది నాకు.

రైలెక్కిన రోజంతా బాబాయి అడుగుతూనే ఉన్నాడట. పిన్ని నోరు విప్పలేదు. ఎడారికి చేరిన సాయంత్రం ఇసుక దిబ్బ మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, "ఇప్పుడా పిల్ల తనే బావిలోకి దిగుతుంది చూడు" అన్నాడు బాబాయి.

"మీకెలా తెలుసు?"

బాబాయి తలెత్తకుండా ఇసుకలో వేలితో గీతలు గీశాడు. "రైల్లో నువ్వు పడుకున్నప్పుడు తీశాను. ఆగలేకపోయానే. మొత్తం అయిపోయింది."

"మొత్తమా?"

"మొత్తం. చివర్లో ఏడుపు కూడా వచ్చింది."

అంత అపురూపంగా దాచుకున్న కథను దొంగచాటుగా చదివేసినందుకు పిన్నికి కోపం రావాలి. ఆమె పకపకా నవ్వి, ఆయన్ని పట్టుకుని ఏడ్చేసిందట. ఈ ముక్క నాకు చెప్తున్నప్పుడు కూడా కళ్లు తుడుచుకుంది. తర్వాత పుస్తకం ఆయన చేతిలో పెట్టి, "మీరు చదవండి, నేను వింటా" అందట.

ఇప్పుడు దుకాణంలో బాబాయి ఇస్త్రీబల్ల మీద ఎప్పుడూ ఒక పుస్తకం తెరిచి ఉంటుంది. నాకు చాలా సంతోషం. చొక్కాలు మాత్రం ఇంట్లో నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను.