ఎడమ మలుపుకు కుట్టిన తోలు

ఖతార్‌లోని మెసైమీర్‌లో కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణాల వరుసలో చివరిది రఫీయుద్దీన్‌ది. బయట బోర్డు మీద సీటు బొమ్మే ఉంటుంది. లోపల ఒక గోడ మాత్రం మనుషుల ఒంటికి కేటాయించినది. మోటారు బైకు రేసుల్లో తొడిగే తోలు సూట్లు అక్కడ కొక్కేలకు తలలు లేని మనుషుల్లా వేలాడుతుంటాయి.

రఫీయుద్దీన్ సొంత ఊరు బోధన్. తండ్రి అక్కడ పైజామాలు, షేర్వానీలు కుట్టేవాడు. కొడుకు ఖతార్ వచ్చింది సీట్లకు రెగ్జిన్ కుట్టే పనికి. వచ్చిన కొన్నేళ్ళకు బైకు రేసులు తోలే ఒక రౌతు మోకాలి దగ్గర చిరిగిన సూటు పట్టుకొచ్చాడు. కంపెనీకి పంపితే తిరిగి రావడానికి నెలలు పడుతుందనీ, చేతనైనది చేయమనీ అడిగాడు. తిరిగి తీసుకువెళ్ళేటప్పుడు కుట్టు ఎక్కడ వేశారో ఆ మనిషి వేలితో వెతుక్కోవలసి వచ్చింది. అప్పటినుంచి సూట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు రఫీయుద్దీన్ గడ్డం నెరిసింది. సీట్ల పని సహాయకులు చూసుకుంటారు. ఒంటి తోలును మాత్రం ఇతరుల చేతికి ఇవ్వడు.

మరమ్మతు చేసేవాడు తన పనిలో కనిపించకూడదు. ఆ నియమాన్ని అతను బాగానే పాటించాడు. అయితే కనిపించని పనితో ఒక చిక్కుంది: అందులో మంచి ఎంతగా దాగుతుందో తప్పూ అంతగానే దాగుతుంది. దాన్ని బయటికి లాగడానికి ఏదో ఒక పరీక్ష కావాలి. రఫీయుద్దీన్‌కు ఆ పరీక్ష తండ్రి దగ్గరనుంచి వచ్చింది. కుట్టడం పూర్తయిన పైజామాను తండ్రి తానే తొడుక్కుని, నమాజులో కూర్చున్నట్టు మోకాళ్ళు మడిచి కూర్చునేవాడు. నేలకు వంగేవాడు, లేచేవాడు. "ఇట్ల కూసుంటే చిరగనిది ఎట్ల తిరిగినా చిరగది" అనేవాడు. కొడుకు తోలు సూట్లకూ అదే పరీక్ష పెట్టాడు. మామూలు రేసు బండి మీద మనిషి రెండు మోకాళ్ళూ మడిచి, ముందుకు వంగి ఉంటాడు కనుక ఆ పరీక్ష ఇన్నేళ్ళూ అతన్ని మోసగించలేదు. అందువల్లే ఒక్క రేసు కూడా చూడకుండా ఇంతకాలం గడిపాడు. ఒంటి కొలత తెలిస్తే చాలు, ఒళ్ళు ఏం చేస్తుందో తెలియనక్కర్లేదనేది అతని నమ్మకం.

ఈ పరీక్షను రోజూ చూసేది భార్య ఫరీదా. దుకాణం వెనక గదిలోనే వారి కాపురం.

"మల్ల తొడిగిన్రా?" అంటుంది ఆమె. "దావత్‌కు రమ్మంటే మోకాళ్ళు నొస్తున్నయంటరు. తోలు లాగు తొడిగితె మాత్రం పోరగాండ్ల లెక్క లేస్తరు."

"ఇది పని ఫరీదా."

"అద్దం ముందర నిలబడి చూసుకునుడు గూడ పనేనా?"

అల్ షహానియా దారిలో ఒక షేక్‌కు సొంత మోటారు బైకుల క్లబ్బు ఉంది. అక్కడ ఒక శుక్రవారం స్పీడ్‌వే ప్రదర్శన పెట్టాలని నిర్ణయించారు. స్పీడ్‌వే అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న మట్టి దారిలో ఎప్పుడూ ఎడమవైపుకే తిరిగే పందెం. మలుపులో వెనక చక్రం పక్కకు జారిపోతుంటే, ఆ జారుడునే అదుపు చేసుకుంటూ ముందుకు పోవాలి. ఆ పందెం బండ్లు, రౌతుల బట్టలు కాలక్రమంలో ఎలా మారాయో చూపించడానికి షేక్ యూరప్ నుంచి నాలుగు కాలాల బండ్లనూ, నాలుగు సూట్లనూ తెప్పించాడు. సూట్లను మెసైమీర్‌కు తెచ్చింది క్లబ్బు వ్యవహారాలు చూసే ఖయ్యూమ్. హైదరాబాద్ మనిషి, మాట మెత్తన, షరతు గట్టి.

"రఫీ భాయ్, మూడు చూపెట్టనీకె. ఈ నల్లది మాత్రం నడవాలె."

"నడుసుడంటె?"

"మనిషి తొడుక్కోని బండి తోల్తడు. పాత బండి, పాత బట్టలు, రెండు ఒక్కసారి. మన గజేందర్ తోల్తడు. ఆ బండి వాని మాటే వింటది."

గజేందర్ సిరిసిల్ల దిక్కు మనిషి. క్లబ్బులో ఏళ్ళ తరబడి మెకానిక్. తుప్పు పట్టి వచ్చిన ఆ పాత బండిని విప్పి, కడిగి, దొరకని భాగాలను తానే చేసి బతికించింది అతనే. చూసేవాళ్ళు లేనప్పుడు బండ్లను పరీక్షగా తోలడం అతని డ్యూటీ. జనం ముందు తోలే అవకాశం మాత్రం ఇంతవరకూ రాలేదు. పొడవు, ఒడ్డు రఫీయుద్దీన్‌కు సమానం.

ఖయ్యూమ్ లేచే ముందు షరతు చెప్పాడు. "సూటు పక్కాగ ఉంటేనే గజేందర్ ఎక్కుతడు. తోలు ఎక్కడన్న ఇడిసిపెడితే శుక్రవారం బండిని చేతులతోటి నడిపిచ్చుకుంట తిప్పుడే. మనిషి ఒళ్ళు పోయేది నాకొద్దు."

రఫీయుద్దీన్ నాలుగు సూట్లనూ ఒకే గోడకు తగిలించాడు. మొదటిది నల్లటి దళసరి తోలు. దానికి రంగు అన్న ఆలోచనే లేదు. రౌతు ఏ జట్టువాడో తెలియడానికి పైన ఒక గుడ్డ తొడుగు వేసుకునేవారు. నోటికి రుమాలు, కళ్ళకు అద్దాలు, నెత్తిన గిన్నెలాంటి టోపీ ఆ కాలపు రక్షణ. రెండోది వచ్చేసరికి తోలు పలచబడి ఎరుపు, తెలుపు చారలు తొడిగింది. మూడోది తోలే కాదు. నిప్పుకూ రాపిడికీ ఆగే కెవ్లార్ కలిపిన నేత. దాని మీద వ్యాపారుల పేర్లకే తప్ప ఖాళీ జాగా లేదు. నాలుగోది ఇంకా తేలిక. వీపుకు మాత్రం లోపల గట్టి పలక ఉంది.

ఆట బట్టలు శరీరాన్ని బట్టి మారవు. శరీరం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. ఏ దెబ్బను ఇక ఓర్చుకోనక్కర్లేదని ఒక కాలం తీర్మానించుకుంటుందో, దాన్నిబట్టి బట్ట మారుతుంది. నల్ల సూటు కుట్టిన కాలం చర్మం గురించి భయపడింది. వెన్నెముకను దేవుడికి వదిలేసింది. దీన్ని వెంటనే ప్రగతి అని పిలవనక్కర్లేదు. భయాలకు ఒక్కొక్కదానికీ పేరు పెట్టడం నేర్చుకున్నారంటే సరిపోతుంది.

కొలతలు ఇవ్వడానికి వచ్చిన గజేందర్ బండ్ల సంగతి చెప్పాడు.

"పాతదాంట్ల ఇంజను నిలబడి ఉంటది చాచా. తర్వాత తర్వాత పండబెట్టిండ్రు. బరువు కిందికి దిగింది, జారుడు అల్కగైంది. పొగగొట్టానికి సప్పుడు తగ్గే డబ్బా పెట్టిండ్రు. ఎనక టైరు కొట్టే మట్టి ఎనకటోని మొఖం మీద పడకుంట అడ్డం పెట్టిండ్రు."

"బ్రేకు ఎప్పుడు పెట్టిండ్రు?"

"పెట్టనే లేదు. ఇయ్యాల్టికీ లేదు."

"మరి ఎట్ల ఆగుతరు?"

"ఆగనీకె తోల్తరా చాచా?"

రఫీయుద్దీన్ నవ్వి, టేపు అతని నడుముకు చుట్టాడు. అడగవలసింది ఇంకొకటుందని తోచలేదు.

నల్ల సూటు దారాలన్నీ పుచ్చిపోయాయి. వాటిని విప్పి, అవే రంధ్రాల్లోంచి కొత్త మైనపు దారం పోశాడు. గజేందర్ ఒంటికి తగ్గట్టు నడుము లోపలికి తీశాడు. లాగు దగ్గరికి వచ్చేసరికి ఒక వంకర కనిపించింది. ఎడమ పిరుదు కింద తోలు ఎక్కువగా, సంచిలా వదులుగా ఉంది. కుడివైపు బిగువుగా ఉంది. ఏళ్ళ తరబడి వేలాడి ఒక పక్క సాగిపోయిందనుకున్నాడు. లేదా ఆనాటి దర్జీ తొందరలో ఉండి ఉంటాడు. తన చేతిమీదుగా పోయే వస్తువు వంకరగా పోవడం అతనికి ఇష్టం లేదు. మిగులు తోలు కత్తిరించి, రెండు వైపులూ సమానం చేశాడు. తర్వాత తొడుక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగాడు, లేచాడు. ఎక్కడా పట్టలేదు.

బుధవారం సాయంత్రం గజేందర్ సూటును చంకన పెట్టుకుని దుకాణానికి వచ్చాడు. మొహం చూస్తేనే విషయం తెలిసింది. పరీక్షగా తోలినప్పుడు మొదటి మలుపులోనే ఎడమ పిరుదు కింద కుట్టు తొడ దాకా పిగిలిపోయింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. ఖయ్యూమ్ మాత్రం చూసి, బండిని నడిపించుకుంటూ తిప్పుదామని తేల్చేశాడు.

"కాలు చాపంగనే పోయింది చాచా" అన్నాడు గజేందర్.

"కాలు ఎందుకు చాపినవ్?"

"చాపకుంటె తోలుడే లేదు. ఎడమకాలు నేల మీదనే ఉంటది. దాని కిందికి ఇనుప చెప్పు గూడ ఉంటది. నువ్ చూడలేదా?"

"నేనెక్కడ చూస్త?"

"ఇన్ని సూట్లు కుట్టినవ్ గద."

ఫరీదా చాయ్ తెచ్చి పెడుతూ విన్నది. "మీ అబ్బా పైజామాలు కుట్టిండు. బండ్లు తోలలే" అన్నది, అంతే.

రఫీయుద్దీన్ గజేందర్‌ను కుట్టుమిషను ముందు ఉన్న స్టూలు మీద చెరోపక్క కాలు వేసి కూర్చోమన్నాడు. బండి మీద ఉన్నట్టే ఉండమన్నాడు. గజేందర్ కుడి మోకాలు మడిచి స్టూలుకు ఒత్తాడు. ఎడమకాలు పూర్తిగా ముందుకు చాపి, నడుము తిప్పి, లేని హ్యాండిల్ పట్టుకున్నాడు. అతని ఒంట్లో ఒక వైపు ప్రార్థనలో ఉన్నట్టు ముడుచుకుని ఉంది. రెండో వైపు నడుస్తున్నట్టు తెరుచుకుని ఉంది. రఫీయుద్దీన్ అతని ఎడమ పిరుదు కింద చెయ్యి పెట్టి చూశాడు. ప్యాంటు గుడ్డ అక్కడ తీగలా బిగిసింది. తాను సాగిపోయిన తోలు అనుకున్నది సరిగ్గా ఈ చోటు. ఆనాటి దర్జీకి తొందర లేదు. అతను రౌతును చూసి కుట్టాడు.

మంచి పరీక్ష కూడా తాను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. తండ్రి పరీక్షలో తప్పు లేదు. అది మోకరిల్లే మనిషిని గురించి అడిగింది. దాన్ని అన్ని ప్రశ్నలకూ జవాబుగా వాడుకున్నది కొడుకు.

అతను ఖయ్యూమ్‌కు ఫోన్ చేశాడు. "తప్పు నాది. బండిది గాదు, గజేందర్‌ది గాదు. శుక్రవారం పొద్దున ఒక్కసారి చూడు."

"మల్ల చిరిగితె?"

"చిరిగితె నడిపిచ్చుకోండ్రి. నేను గూడ వస్త."

"నువ్వా? రేసుకా?" ఖయ్యూమ్ గొంతులో నవ్వు వినిపించింది. "సరే. రా."

కత్తిరించిన తోలు అప్పటికే ముక్కలైపోయింది. కొత్త తోలు వేస్తే నలుపులో తేడా వస్తుంది. రఫీయుద్దీన్ సూటు లోపలి నడుము పట్టీని విప్పాడు. ఎవరికీ కనిపించని ఆ చోట అదే వయసు తోలు, వెలుగు చూడనిది, ఇంకా బలంగా ఉంది. దాన్ని తీసి ఎడమ పిరుదు కింద అరచేయంత ముక్కగా వేశాడు. పట్టీ స్థానంలో కొత్తది కుట్టాడు. ఇప్పుడు సూటు మళ్ళీ వంకరగా ఉంది. గురువారం దాన్ని తొడుక్కుని, స్టూలు మీద బండి ఎక్కినట్టు కూర్చుని ఎడమకాలు చాపాడు. తోలు ఆగింది. అతని నడుము మాత్రం పట్టేసింది; లేవలేకపోయాడు.

"ఫరీదా."

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇది గూడ పనేనా?"

"ముందుగాల లేపు. తర్వాత నవ్వు."

ఆమె ముందే నవ్వింది; ఆ తర్వాత చెయ్యి ఇచ్చి లేపింది.

శుక్రవారం పొద్దున షహానియా దారిలో గాలి లేదు. క్లబ్బు మట్టి దారికి నీళ్ళు కొట్టి, చదును చేసి ఉంచారు. గజేందర్ నల్ల సూటు తొడుక్కున్నాడు. తలకు మాత్రం కొత్త హెల్మెటే. లోపల వీపుకు పలక కూడా పెట్టించారు. ఆ రెండింటిలో ఖయ్యూమ్ రాజీపడలేదు, పడకపోవడమే సబబు. ఎడమ బూటు కిందికి ఇనుప చెప్పు ఎక్కింది. పనివాళ్ళు వెనకనుంచి తోస్తే బండి ఇంజను లేచింది. ఆ ఇంధనం వాసన రఫీయుద్దీన్‌కు కొత్త. తియ్యగా, ఆస్పత్రి వాసనలా ఉంది.

మొదటి మలుపులో గజేందర్ ఎడమకాలు చాపాడు. వెనక చక్రం పక్కకు జారింది. ముందు చక్రం కుడికి తిరిగింది; బండి మాత్రం ఎడమకే పోతున్నది. బండి చూపు ఒకవైపు, నడక ఇంకోవైపు. ఇన్నేళ్ళుగా ఎవరి కోసం కుడుతున్నాడో ఆ మనుషుల్లో ఒకడు పనిచేస్తుండగా రఫీయుద్దీన్ మొదటిసారి చూశాడు. మొదటి చుట్టంతా అతని చూపు కుట్టు మీదే ఉంది. రెండో చుట్టులో కుట్టును వదిలి మనిషిని చూశాడు.

బండి ఆగాక ఖయ్యూమ్ దగ్గరికి వచ్చాడు. రఫీయుద్దీన్ గజేందర్‌ను దించి, వంగమని, కుట్టు వెంట వేళ్ళు పోనిచ్చాడు. దారం కదల్లేదు. తోలు కొత్త ముక్క దగ్గర కొద్దిగా వేడెక్కింది, అంతే.

"ఎక్కడన్న పట్టిందా?"

గజేందర్ హెల్మెట్ తీసి ఆలోచించాడు. "సూటు సంగతి యాదికే రాలే చాచా."

కుట్టేవాడికి ఇంతకు మించిన మాట దొరకదు. అలాగని రఫీయుద్దీన్ దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నట్టు కనిపించలేదు. "నడుము కాడ?" అని అడిగాడు.

"నడుము గూడ."

ఖయ్యూమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే తియ్. మూడింటికి జనం వస్తరు. తయారుండు గజేందర్."

మూడింటికి జనం వచ్చారు. మూడు బండ్లు తాళ్ళ వెనక నిలబడి చూపులకే పరిమితమయ్యాయి. పాతదాని మీద సిరిసిల్ల మనిషి నల్ల తోలు తొడుక్కుని, నేల మీద ఎడమకాలితో గీత గీసుకుంటూ తిరిగాడు. పిల్లలు చెవులు మూసుకున్నారు. పెద్దలు ఫోన్లు ఎత్తారు. తిరిగి వచ్చిన గజేందర్ మొహమంతా మట్టి. కళ్ళ చుట్టూ మాత్రం అద్దాలున్న మేర శుభ్రంగా ఉంది.

"ఇంకోసారి అడుగుతుండ్రు" అన్నాడు ఖయ్యూమ్. ఈసారి అడిగింది గజేందర్‌ను కాదు, రఫీయుద్దీన్‌ను.

రఫీయుద్దీన్ వంగి మళ్ళీ కుట్టు తడిమి చూశాడు. తొందరపడలేదు. గజేందర్ కదలకుండా నిలబడ్డాడు.

"పో" అన్నాడు రఫీయుద్దీన్.

ఆ బండిని కిక్కు కొట్టి లేపడం కుదరదు; వెనకనుంచి తోయాలి. తోసే పనివాళ్ళు నీళ్ళకు పోయి ఉన్నారు. రఫీయుద్దీన్ చెప్పులు విడిచి, చొక్కా చేతులు మడిచి, వెనక మడ్‌గార్డు మీద రెండు చేతులూ ఆనించాడు.