రెండు కేజీల బిగింపు

మాచర్లలో రైలు పట్టాలు అయిపోతాయి. కొట్లాటలు అణచడానికి పంపిన సాయుధ పోలీసులం మేం, అక్కడే దిగాం. ఎనభైల నడుమ ఒక ఏప్రిల్, పగలు పదకొండు గంటలు. ప్లాట్‌ఫారం వేడి బూటు అడుగులోంచి తగిలింది. అక్కడి నుంచి లారీలో గురజాల వైపు వెళ్ళాం. రోడ్డుకు రెండు పక్కలా నాపరాతి గోడలు, ఎండిన మిరప కట్టె, దుమ్ము. ఊరు కనిపించక ముందే కాలిన గడ్డి వాసన వచ్చింది, దాని వెనకే మందుగుండు వాసన. ఊరి పేరు చెప్పను. అక్కడ ఇంకా మనుషులు బతుకుతున్నారు.

మూడు ఇళ్ళకు కప్పు లేదు. ఒక గోడ మీద మనిషెత్తున నెత్తురు చిమ్మి ఎండిపోయి ఉంది. పై వీధికీ కింద వీధికీ పగ. నాటుబాంబులు వేసుకున్నారు. కింద వీధిలో ఇద్దరు పోయారు. పై వీధిలో ఒకడికి మోచేతి దాకా చెయ్యి పోయింది. ఆ చెయ్యి కుక్క ఎత్తుకుపోయిందని మాకు మొదటి రోజే చెప్పారు. మాలో ఒకడు ఆ పూట అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. నాకు ఆకలేసింది మరి.

మకాం బడిలో. కిటికీలకు ఇసుక బస్తాలు పేర్చాం. హవల్దారు గఢ్వాలీ, వైర్‌లెస్ ఆపరేటరు బిహారీ. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పనికి మోటారు మెకానిక్‌ని.

"నీకు రెండు పనులు," అన్నాడు హవల్దారు హిందీలో. "బండ్లు నడవాలి. వీళ్ళేమనుకుంటున్నారో నాకు తెలియాలి."

మాకు రెండు బుల్లెట్ మోటార్‌సైకిళ్ళు ఉండేవి. నా పెట్టెలో ఒక టార్క్ రెంచి ఉండేది. ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు, ఇంట్లోనే బండి విప్పుకునే సరదా ఉన్నవాళ్ళు, ఎలాంటిది కొనాలని అడుగుతుంటారు. ఈ కథంతా వాళ్ళ కోసమే ఎత్తుకున్నాను. కాబట్టి ఆ సంగతి ముందు చెప్పేస్తాను.

మామూలు స్పానర్ నట్టును తిప్పుతుంది, అంతే. టార్క్ రెంచికి ఎంత బలం కావాలో అంకె పెట్టుకోవచ్చు. ఆ బలం రాగానే టక్కుమంటుంది. టక్కుమంటే ఆపాలి. నమ్మకం కోసం ఇంకో గుంజు గుంజకూడదు, గుంజితే ఇనుము సాగి లోపల పగులుతుంది. పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందనుకోకండి. లారీ చక్రాలకు చేసిన రెంచి మోటార్‌సైకిల్ చిన్న నట్ల దగ్గర గుడ్డిది. మీ బండికి కావలసిన అంకెలు దాని కొలతలో నడిమధ్యన పడాలి. నట్టు మరల మీది మట్టి, తుప్పు తుడవాలి. బండి పుస్తకం చెప్తే తప్ప నూనె పూయకూడదు, పూస్తే అదే అంకెకు ఎక్కువ బిగుస్తుంది. పిడి పట్టుకుని నెమ్మదిగా లాగాలి. పనయ్యాక అంకెను అడుక్కి దించి పెట్టెలో పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు చెడుతుంది. దాన్ని సుత్తిలా వాడేవాడికి మా ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఊరి చివర, మాచర్ల రోడ్డు మీద సైదా షెడ్డు. ఏ వీధి బండైనా అతనే బాగుచెయ్యాలి. ముప్పై ఏళ్ళుంటాయి. అప్పుడప్పుడూ బడికి వచ్చి నా పనిముట్లు చూస్తూ కూర్చునేవాడు.

"ఏందన్నా ఇది? దీంతో ఇప్పొచ్చా?"

"ఇప్పావంటే చంపేస్తా. బిగించడానికే."

"మా వోళ్ళు స్పానర్‌కి గొట్టం ఏసి బిగిస్తారు గదా."

"అందుకే మీ ఊళ్ళో మరలన్నీ చచ్చినయ్."

నవ్వాడు. "చెప్పి చూశా అన్నా, ఇనరు. రాత్రిపూట ఎవుడన్నా వచ్చి వదులు చేసి పోతాడని భయం ఈళ్ళకి. ఎంత బిగించినా చాలదు."

సైదా అంటే నాకిష్టం. ఆ ఊళ్ళో నాతో ఏ వీధి పేరూ ఎత్తకుండా మాట్లాడినవాడు అతనొక్కడే.

మే నెలలో ఒక పొద్దున, తొమ్మిదిన్నరకి, సైదా భార్య పరుగెత్తుకొచ్చి మా ఇసుక బస్తాల మీద పడింది. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది.

"అన్నా! మా ఆయన చెయ్యి నరుకుతున్నారన్నా! రా అన్నా!"

పై వీధి పెద్ద కోటయ్య. ఆయన ఒక్కగానొక్క కొడుకు శ్రీను. ఆ పొద్దున సైదా దగ్గర టైరుకు గాలి పట్టించుకుని మాచర్ల బయలుదేరాడు. కల్వర్టు దగ్గర గుంతలో పడి లేచేసరికి బుల్లెట్ ముందు చక్రం ఊడిపోయింది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నేలలో దిగబడింది. శ్రీను మెడ విరిగి అక్కడికక్కడే పోయాడు. ఇదంతా ఆమె ఏడుస్తూ, రొప్పుతూ చెప్పింది.

వెనక ఆపరేటరు గొంతు వినిపిస్తోంది. "మాచర్ల, మాచర్ల. రోడ్డు మీద ఒక చావు. ఓవర్."

"ప్రమాదమా, హత్యా? ఓవర్."

"తేలలేదు. ఓవర్."

మేం ఏడుగురం వెళ్ళాం. షెడ్డు ముందు వందమంది ఉంటారు. ట్రాక్టరు ట్రక్కులో శ్రీను శవం, పక్కనే విరిగిన బండి. సైదాను గుంజకు కట్టేశారు. కుడి చెయ్యి నాపరాయి మీద పెట్టి ఒకడు తొక్కిపట్టాడు. అప్పటికే సుత్తితో రెండు వేళ్ళు చితక్కొట్టారు. కోటయ్య మేనల్లుడి చేతిలో గొడ్డలి.

"నట్టు మీద పడ్డ చెయ్యి ముందు నరుకుతా. ఆ తర్వాత మెడ," అంటున్నాడు.

హవల్దారు గాల్లోకి రెండు రౌండ్లు కాల్చాడు. ఒక్కరూ కదల్లేదు. జనం మధ్య ఒకడు ఊకపొట్టు పోసిన బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. పొట్టులో పురికొసతో చుట్టిన బాంబులు. బుట్ట ఒక పక్కకు ఒరుగుతోంది. అది జారితే మేమూ ఉండం, వాళ్ళూ ఉండరు.

"ఆ ముసలాయన ఏమంటున్నాడు?" హవల్దారు తుపాకీ దించకుండా నన్ను అడిగాడు.

కోటయ్య అరవడం లేదు. ఏడవడం లేదు. నా కళ్ళలోకి చూసి చెప్పాడు. "నిరుడు మావోడి బండి బ్రేకు తీగ కోశారు కింద వీధోళ్ళు. అప్పట్నించీ రోజూ పొద్దున్నే ముందు చక్రం నట్లు నా చేత్తో బిగించి పంపుతున్నా. ఒక్క పొద్దు తప్పలా. ఇయ్యాలా బిగించా. మా వాకిట్లోంచి నేరుగా ఈడి కాడికొచ్చాడు. ఈడు డబ్బు తిని ఇప్పాడు. ఇంకెవుడున్నాడు నడిమిట్ల?"

రోజూ అన్న మాట పట్టుకున్నాను.

"దేంతో బిగిస్తారు పెద్దాయనా?"

"స్పానర్‌కి గొట్టం ఏసి. గట్టిగానే."

బండి దగ్గరికి వెళ్ళాను. బుల్లెట్ ముందు ఇరుసును ఫోర్కు కాళ్ళ అడుగున రెండు మూతలు పట్టి ఉంచుతాయి. ఒక్కో మూతకు రెండు స్టడ్లు, అంటే తల లేని మరమేకులు, వాటికి నట్లు. ఎడమ కాలికి స్టడ్లు రెండూ తెగిపోయి ఉన్నాయి, ఆ పట్టు పోగానే ఇరుసు కుడి మూతలోంచి జారిపోయింది. తెగినచోట సగం నల్లగా తుప్పు, సగం తెల్లగా మెరుపు. పగులు ఇవాళ్టిది కాదు. ఆ వైపు మూత ట్రక్కులోనే దొరికింది. ఒక నట్టు, తెగిన ముక్కతో సహా, అందులోనే ఇరుక్కుని ఉంది.

మూతను పైకెత్తి చూపించాను. "నట్టు ఇప్పితే నట్టు పోద్ది, స్టడ్డు మిగులుద్ది. ఇక్కడ నట్టుంది. స్టడ్డు తెగింది. ఎవరూ ఇప్పలా."

"మాకు బళ్ళో పాఠాలు చెప్పబాక," అని మేనల్లుడు గొడ్డలి ఎత్తాడు.

ఇక నాకు ఒక్క దారే మిగిలింది. "పెద్దాయనా, కుడి వైపు నట్లు ఇంకా ఉన్నయ్. రోజూ ఎట్టా బిగిస్తారో ఒక్కసారి నాకు చూపించండి."

 కోటయ్య బండిని ట్రక్కులోంచి కిందికి దింపించాడు. షెడ్డులోంచి స్పానర్, మీటరు పొడుగు ఇనప గొట్టం తెప్పించాడు. స్పానర్ తగిలించి, దానికి గొట్టం తొడిగాడు.  ఆ స్టడ్డు విరక్కపోతే సైదా చెయ్యి పోతుంది, నా మాటే అతన్ని చంపినట్టవుతుంది. కోటయ్య కాళ్ళు ఎడంగా పెట్టి, ఒంటి బరువంతా వేసి ఒకసారి గుంజాడు. ఏమీ కాలేదు. రెండోసారి గుంజాడు. ఫట్‌మంది. ఆయన వెనక్కి దుమ్ములో పడ్డాడు. గొట్టం చేతిలోనే ఉంది. స్పానర్ నోట్లో నట్టు, నట్టులో తెగిన ముక్క.

ఆయన ఆ ముక్కను బొటనవేలితో తడిమాడు.   ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

"మామా, అది బండి పడ్డప్పుడే చిట్లుంటది," అన్నాడు మేనల్లుడు.

"నోరు ముయ్యరా. తాడు ఇప్పు."

సైదా కట్లు విప్పారు. అతను కూలబడ్డాడు. కోటయ్య మోకాళ్ళ మీద వచ్చి, ఆ నెత్తుటి రాయి మీదే తన కుడి చెయ్యి పెట్టాడు.

"నరుకు."

"మామా!"

"నట్టు మీద పడ్డ చెయ్యి నరుకుతానని పదిమందిలో అన్నావు గదా. ఇదే ఆ చెయ్యి. నరకరా!"

మేనల్లుడు గొడ్డలి కింద పడేశాడు. కోటయ్య ఎడమ చేత్తో దాన్ని అందుకుని పైకెత్తాడు.

"బాబాయ్, ఒద్దు!" అని అరిచింది సైదాయే. చితికిన చేత్తో ఆయన చొక్కా పట్టుకున్నాడు.

హవల్దారుకు ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ అర్థమైంది. తుపాకీ మడమ తిప్పి ఆ ఎడమ చెయ్యి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. గొడ్డలి రాయికి తగిలి పక్కకు పడింది. బుట్ట పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా నేల మీద దించి, ఆ పక్కనే కూర్చుని భోరుమన్నాడు.

"ప్రమాదం. ఓవర్," అని మాచర్లకు కబురు వెళ్ళింది.

ఇద్దరినీ మా లారీలోనే మాచర్ల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. సైదా చేతికి నా తువ్వాలు చుట్టాను. కోటయ్య ఎడమ చేతికి స్కేలు బద్ద పెట్టి కట్టాను. సగం దూరం వచ్చాం.

"అబ్బాయ్," అన్నాడు కోటయ్య. "ఎంత బిగిస్తే సరిపోద్ది?"

అబద్ధం చెబుదామనిపించింది. కానీ ఆ మనిషికి చెప్పలేకపోయాను.

"మీటరు పొడుగు కడ్డీ చివర రెండు కేజీల బియ్యం సంచి తగిలిస్తే ఎంత బరువు పడుద్దో, అంత."

"రెండు కేజీలా?"

"రెండే."

"నేను నిలబడి ఒళ్ళంతా ఏసేవోణ్ణి," అన్నాడు. "పిల్లోడు దూరం పోతాడు గదా అని."

సైదా తల తిప్పుకుని ఏడ్చాడు. రెండు వేళ్ళు తీసేశారు గానీ అతను బతికాడు. నెల తిరక్కుండానే ఎడమ చేత్తో పంక్చర్లు వేశాడు.

వానలు మొదలయ్యాక మమ్మల్ని వెనక్కి పిలిచారు. మళ్ళీ మాచర్లలోనే రైలెక్కాం. ఉద్యోగం చాలించి ఇంటికొచ్చి ఏళ్ళయింది. చాలా శవాలు చూశాను, వాటి ముఖాలు ఒకటొకటిగా చెరిగిపోయాయి. కోటయ్య మాత్రం చెరిగిపోడు. ఆ లారీలో, మాచర్ల చేరేదాకా, కుడి అరచెయ్యి పైకి తిప్పి, కాస్త ఎత్తి, కాస్త దించి, లేని సంచిని తూస్తూనే ఉన్నాడు.