శిబిరం నీళ్ల మీద నా సాక్ష్యం

ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో ఏసీలు, కరెంటు చూసుకుంటున్నాను. అంతకుముందు యుద్ధం జరుగుతున్న ఒక పరాయి దేశంలో, ఇంకో దేశపు సైనిక శిబిరంలోని నీళ్ల ప్లాంటులో పనిచేశాను. దాన్ని ఒక ప్రైవేటు కంపెనీ నడిపేది. నది నీళ్లను శుద్ధి చేయకుండానే సైనికుల స్నానాలకు వదిలేవాళ్లు. చేసినట్టు వాళ్ల ప్రభుత్వానికి బిల్లులు పెట్టేవాళ్లు. మా సూపర్‌వైజరు, ఆ సైనికుల దేశస్థురాలే, ఇది మోసమని ఎదురు తిరిగింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె తన దేశానికి వెళ్లి కంపెనీ మీద కేసు వేసింది.

కొన్నేళ్లకు ఆమె వకీలు నన్ను సాక్ష్యం చెప్పమని అడిగాడు.

"మనకెందుకు గీ లొల్లి?" అంది నా భార్య.

"ఆమె ఒక్కతే కొట్లాడుతున్నది. నేను చూసిందే కదా చెప్పేది," అన్నాను.

వెంగళరావు నగర్‌లో మా ఇంటి పక్కనే కొత్త ఇల్లు కడుతున్నారు, ఒకటే చప్పుడు. అందుకని వీడియోలో సాక్ష్యం చెప్పడానికి మా థియేటర్ ఓనరు డబ్బింగ్ గది ఇచ్చాడు. "తొందరేం లేదు, నిదానంగా చెప్పు," అని తలుపు వేసి వెళ్లాడు. వీడియోలో నా తెలుగును ఒకామె ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని కంపెనీ వకీలు అడిగించాడు.

"చెప్పిన సార్. నోరు మూసుకోకుంటే ఇంటికి పంపుతమన్నరు."

తీర్పు రాకముందే కంపెనీ రాజీకి వచ్చింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఆ సంగతి మా పాత సూపర్‌వైజరే ఫోన్ చేసి చెప్పింది. నాకు సగమే సంతోషమైంది.

"మరి ఆమె నౌకరీ మళ్ల ఇచ్చిన్రా?" అని నా భార్య అడిగింది.

"లేదు."

"ఈసారి ఫోన్ చేస్తే నాకియ్యి. ఇంగ్లీషు రాకున్నా జర మాట్లాడుత," అంది నా భార్య.