గలీనా పెత్రోవ్నా కూర్చోబెట్టిన నిమిషం

పొద్దున్నే సీసా మూత తీయగానే లవంగ నూనె వాసన గుప్పుమంటుంది. ఈ అరబ్బు దేశంలో, అల్ వక్రాలో ఇప్పుడు నేనూ దంతవైద్యురాలినే. అయినా ఆ వాసన తగిలితే చాలు, అల్ సద్‌లోని పాత క్లినిక్, అక్కడ నా పై డాక్టరైన గలీనా పెత్రోవ్నా గొంతు గుర్తొస్తాయి. ఆమె రష్యన్. పెద్దవాళ్ళను తండ్రి పేరు కలిపి పిలవడం వాళ్ళ మర్యాద. ఉత్త "గలీనా" అంటే తల కూడా ఎత్తేది కాదు.

కాకినాడలో బీడీఎస్ చదివి వచ్చిన నేను ఇక్కడి లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పి, ఆమె దగ్గర అసిస్టెంటుగా మిగిలాను. మూడోసారీ తప్పితే ఇంక రాయనివ్వరు. ఆ మూడో పరీక్ష రోజు ఉదయం క్లినిక్ నుంచే బయలుదేరాను. జగిత్యాల నుంచి వచ్చిన మా డ్రైవర్ యాదగిరి గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు.

"అక్కా, టైమైతుంది. లేటైతే పరీక్ష మాఫీ, ఇగ లేనట్టే. పోదాం పా."

"కూర్చో," అంది గలీనా పెత్రోవ్నా. "ప్రయాణానికి ముందు మేం ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుంటాం."

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే కూర్చుంటాం. శుభమా అని వెళ్తుంటే ఈవిడ అపశకునం తెచ్చిపెడుతోందనుకున్నాను.

"ఎవరూ తుమ్మలేదు కదండీ," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. కుర్చీ నా ముందుకు లాగింది.

"కూర్చుంటే పాసవుతానా?"

"మా తాతను యుద్ధానికి పంపేముందు ఇంటిల్లిపాదీ ఇలాగే కూర్చున్నారు. ఆయన తిరిగి రాలేదు."

"మరెందుకు కూర్చోవడం?"

"వణికే కాళ్ళతో గడప దాటకూడదని."

అప్పుడు చూసుకున్నాను, నా కాళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. కూర్చున్నాను. వణుకు తగ్గాకే లేచాను. ఆ రోజు ఏ ప్రశ్న దగ్గరా కంగారుపడలేదు. పాసయ్యాను.

మరుసటి ఏడాది ఆమె ఉద్యోగం మానేసి శాశ్వతంగా తన ఊరికి బయలుదేరింది. సాగనంపడానికి ఆమె ఫ్లాటుకు వెళ్ళాను. కింద యాదగిరి హారన్ కొడుతున్నాడు. ఆమె సూట్‌కేసు పట్టుకుని తిన్నగా తలుపు వైపు నడిచింది.

"కూర్చోరా?" అన్నాను.

"కూర్చుంటే లేవలేనేమో," అంది నా వైపు చూడకుండా. పదిహేనేళ్ళు బతికిన ఊరు ఇది మరి. అయినా నేను ఊరుకోలేదు. సూట్‌కేసు లాక్కుని పడుకోబెట్టి, దాని మీద ఆమెను కూర్చోబెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను. హారన్ మోగుతూనే ఉంది. ఈసారి వణికినవి ఆమె మోకాళ్ళు. అవి కుదురుకునేదాకా నేను లేవనివ్వలేదు.