పసుపు కళ్లంలో రాజవ్వ

బహ్రెయిన్‌లో, నేనుండే జుఫైర్‌లో చలికాలపు వాన ఏసీ డబ్బా మీద టపటపమన్నప్పుడల్లా నాకు షహనాజక్క గొంతే ముందు వినిపిస్తుంది. ఆ కబురు మొదట తెచ్చింది ఆమే. మెట్‌పల్లి మనిషి, ఇద్దరం ఒకే హోటల్లో గదులు సర్దుతాం. పోయిన మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నేను దుప్పట్లు మడుస్తుంటే వచ్చి, "చెల్లీ, మీ ఊరి దిక్కు రాళ్లవాన పడ్తున్నదట. మా తమ్ముడు ఫోన్ చేసిండు. ఇంటికి చేసి చూడు," అంది. చేస్తే అమ్మ ఏడుస్తూ ఎత్తింది. "పిల్ల కనబడ్తలేదే!" అంది. నా ఆరేళ్ల బిడ్డ అమ్మ దగ్గరే పెరుగుతోంది. అంతలో లైను తెగిపోయింది.

ఉడికించి కళ్లంలో ఆరబోసిన పసుపు తడిస్తే నల్లబడుతుంది. అందుకే మబ్బు పట్టగానే ఊరంతా కళ్లాలకు ఉరుకుతుంది. అమ్మ కూడా టార్పాలిన్ పట్టుకొని ఉరికే ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉందనుకొని. కానీ ఆ వేళకు పిల్ల ఎక్కడుంటుందో నాకు తెలుసు. కళ్లంలో, రాజవ్వ దగ్గర.

రాజవ్వ మా పక్కింటి ముసలమ్మ. వాగు దాటి బడికి పోలేని నాకు, ఎండబెట్టిన పసుపు కొమ్ములు పేర్చి అక్షరాలు నేర్పింది ఆమే. వంకరగా పేరిస్తే, "గిదేం అక్షరమే, కాలిరిగిన మేకలెక్కున్నది!" అని నవ్వేది. అప్పుడు నా బిడ్డకూ అలాగే నేర్పుతోంది.

దుప్పట్ల మధ్యే ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. షహనాజక్క నా చేయి పట్టుకొని పక్కనే కూర్చుంది. ఆమె అల్లాను, నేను మా రాజన్న దేవుడిని తలుచుకున్నాం. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు.

పొద్దు వాలే వేళకు అమ్మే చేసింది. "దొరికిందే! పసుపు ఉడకబెట్టే కడాయి కింద!" మిగతాదంతా తర్వాత తెలిసింది. వడగళ్లు మొదలవగానే రాజవ్వ, ఒరగబెట్టి ఉన్న ఆ పెద్ద ఇనుప కడాయి కిందికి పిల్లను తోసిందట. ఇద్దరికి చోటు లేక, మిగిలిన సందుకు తన వీపు అడ్డం పెట్టిందట. టార్పాలిన్లు గుంజుతున్నవాళ్లెవరూ అటు చూడలేదు. "అవ్వా, నువ్వూ రా," అని పిల్ల ఏడిస్తే, "నువ్వు అక్షరాలు చదువు బిడ్డా, నేను వింట," అన్నదట. పిల్ల చివరిదాకా చదివి, మళ్లీ మొదటినుంచి చదివింది. అవ్వ ఊఁ కొట్టడం ఎప్పుడు ఆగిపోయిందో దానికి తెలియదు.

'దొరికింది' అన్న మాటకే ఆ రోజు దేవుడికి దండం పెట్టాను. రాళ్ల దెబ్బలకు కళ్లంలోనే ప్రాణం విడిచిన రాజవ్వ ఏమైందని అడగడం చాలాసేపటికి గానీ గుర్తు రాలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఊళ్లో మబ్బు పడితే చాలు, బిడ్డ ఫోన్ చేసి అక్షరాలు చదువుతుంది. పని ఆపి, చివరి అక్షరం దాకా ఊఁ కొడుతూ ఉంటాను. మీ కూరలో పసుపు వేసేటప్పుడు, ఒక్కసారి మా రాజవ్వను తలుచుకోండి.