చీలికల ఫెర్న్ పొదలో

తొంభైల్లో బల్మూర్ దగ్గర ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మాది గద్వాల. కాలేజీ దగ్గర అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని.

ఒక ఆదివారం నల్లమలలో, వాగు పక్కన ఎండ పడే ఏటవాలు గట్టున నడుమెత్తు ఫెర్న్ పొద కనిపించింది. ఆకు రెండుగా చీలి, ప్రతి చీలికా మళ్లీ రెండుగా చీలుతోంది. పుస్తకంలో బొమ్మగా చూసిన ఉష్ణమండలపు చీలికల ఫెర్న్ అదే! వేరుతో సహా తీస్తేనే నమూనా. పట్టు పడితే వదిలే రకం కాదు నేను. కాడ పట్టుకొని మొదలు కోసం లోపలికి పోతూనే ఉన్నాను, కాడ తరగదే! ఎండుటాకుల మెత్తను నేలనుకొని అడుగేశాను. పొద అడుగున గుంతలో పడ్డాను. కాలు బెణికింది. పైన ఆకులు మూసుకున్నాయి. అరిచాను. నేను తిరిగి రాకపోతే వెతికేవాళ్లెవరని అప్పుడు తట్టి ఏడుపొచ్చింది.

చీపురుగడ్డి కోస్తున్న ఒకామె విని, కొడవలితో పొద నరికి నన్ను లాగింది.

"ఎవరికన్న చెప్పొచ్చినవా బిడ్డా?"

"చెప్పనీకి ఎవరున్నరమ్మా?"

"నేను లేనా? ఊరి మొదటిల్లే నాది. ఇంగోసారొస్తే జర చెప్పి పో."

తర్వాతి ఆదివారం కుంటుకుంటూ ఆమె గుమ్మం ముందు నిలబడి, "పోయొస్తమ్మా" అన్నాను. ఉద్యోగానికొచ్చాక ఆ మాట ఒకరితో అనడం అదే మొదటిసారి.