అమ్మ గుర్తు అడిగిన బండి

అమీర్‌పేట నడిరోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా మొండిగా నిలబడి ఉన్న ఆ రోజుల్లో, మా ఇంట్లో అందరికీ ఒకటే కోరిక ఉండేది. అయిదుగురం ఒకే బండిలో గుడికి పోవాలి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ అప్పుడది మాకు సామాన్యమైన కోరిక కాదు. పంజాగుట్టలో మా గుడి (మేము చర్చిని గుడి అనే అంటాం, కొత్తవాళ్లు కాస్త తికమక పడతారు) ఇంటినుంచి పెద్ద దూరమేమీ కాదు. అయినా ఆదివారం పొద్దున్నే రెండు ఆటోలు కావాల్సిందే. మొదటి ఆటోలో మోకాళ్ల నొప్పుల నానమ్మ వెనక సీటంతా పరుచుకుని కూర్చునేది, డాడీ ఆటో అతని పక్కన ఒంటి తుంటి మీద వేలాడేవాడు. రెండో ఆటోలో అమ్మ, నేను, తమ్ముడు. మొదటి ఆటో పాటల టైముకి చేరేది, రెండోది ప్రసంగం సగంలో చేరేది. మేము లోపలికి వస్తుంటే బెంచీల మీద తలలన్నీ తిరిగేవి. అమ్మ ఆ తలలన్నిటికీ వంగి వంగి నవ్వుతూ వచ్చి కూర్చునేది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే మా డాడీ డ్రైవర్. ఖైరతాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో పెద్దసారు జీపు నడిపేవాడు. సారు భార్యను బజారుకి, సారు పిల్లలను బడికి, సారు అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు. మమ్మల్ని మాత్రం ఆ జీపు మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. అది సర్కారు బండి, మనది కాదు అనేవాడు, అంతే. ఒకసారి జోరు వానలో అమ్మా నేనూ అమీర్‌పేట బస్టాపులో తడిసి ముద్దయి నిలబడి ఉంటే, డాడీ సారు కుటుంబాన్ని ఎక్కించుకుని మా ముందునుంచే వెళ్లాడు. ఆగలేదు. చిన్నగా ఒక్క హారన్ కొట్టి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం బస్సు వచ్చేదాకా ఆ హారన్ తలుచుకుని నవ్వుకుంటూనే ఉంది.

కానీ మనసులో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది గదా. ఒక సాయంత్రం చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది. "డ్రైవర్‌ను చేసుకుని ఇన్నేండ్లాయె. నా మొగడు బండి నడుపుతుంటే పక్కన ఒక్కసారి కూసున్నది లేదు." డాడీ పేపరు చదువుతున్నాడు. పేపరు కిందికి దించలేదు గానీ, ఆ తర్వాత చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఆ వారమే టైలర్ అంకుల్ బండి సంగతి మా ఇంటికి వచ్చింది. బల్కంపేటలో మా బ్లౌజులన్నీ కుట్టేది ఆయనే. వాళ్లది నేతపనివాళ్ల కుటుంబం. ఊరినుంచి చీరలు తెచ్చి అమ్ముదామని ఏడుగురు పట్టే పాత డీజిల్ బండి ఒకటి కొన్నాడు. అది చీరలు తెచ్చిన దానికంటే దారిలో ఆగిపోయి ఆయనను నిలబెట్టిందే ఎక్కువ. ఒకప్పుడు తెల్లరంగు అయి ఉంటుందని నా ఊహ. "నీకైతే ఎంతకైనా ఇస్త అన్నా. వేరేటోళ్లకు ఇయ్యబుద్ధి అయితలేదు. నీ చేతుల పడితే బాగుపడ్తది," అన్నాడు అంకుల్, ఎవరో అనాథ పిల్లను అప్పగిస్తున్నట్టు.

డాడీ బానెట్ ఎత్తి, చెవి ఆనించినంత పని చేసి, చాలాసేపు విన్నాడు. తర్వాత మొహం విప్పార్చుకుని నా వైపు తిరిగాడు. "ఇంజన్ పోయింది బిడ్డ. ఆయిల్ తింటున్నది. రేడియేటర్ సుత కారుతున్నది. పొద్దుగాల తొయ్యనిదే స్టార్ట్ కాదు. మస్తుంది బండి."

నేనప్పుడే అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ శిక్షణా కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. ఏ కోర్సు చేస్తే ఎవరి జీవితం బాగుపడుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పడం నా ఉద్యోగం. (నా జీవితం ఎలా బాగుపడుతుందో చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.) కాబట్టి డాడీకి కూడా కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. ఇంజన్ విప్పితే ఎంత పని పడుతుందో తెలియదు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డావు, ఆ పొగ చూశావా అని అడిగాను. డాడీ ఓపికగా విన్నాడు. "పొగ వస్తున్నదంటే నడుస్తున్నట్టే గద బిడ్డ," అన్నాడు. 

మా ఇంట్లో పెద్ద నిర్ణయాలకు ఒక పద్ధతి ఉంది. ముందు ప్రార్థనలో పెడతాం, తర్వాత దేవుణ్ణి ఒక గుర్తు అడుగుతాం. ఇప్పుడున్న అద్దె ఇల్లు దొరికింది అలాగే. ఇంటి ఓనరమ్మ అడగకుండా మంచినీళ్లు ఇస్తే ఇది మన ఇల్లు అని అమ్మ అనుకుంది, ఆవిడ ఇచ్చింది. (తర్వాత ఎండాకాలంలో నల్లా నీళ్ల దగ్గర ఆవిడ చూపించిన స్వరూపం వేరే కథ.) బండికి కూడా అమ్మ అదే తీర్పు చెప్పింది. "దేవుని చిత్తమైతే ఆదివారం పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ కావాలె. కాకుంటే అది మనది కాదు." శుక్రవారం స్త్రీల కూడికలో కూడా ఈ సంగతి చెప్పి ప్రార్థించమని అడిగింది. డాడీ మొహం వాడిపోయింది. ఆ ఇంజన్ చల్లగా ఉంటే ఒక్క సెల్ఫ్‌కి కాదు గదా, ఊరంతా ఉపవాసం ఉన్నా స్టార్ట్ కాదని ఆయనకు తెలుసు.

ఆదివారం ఇంకా వెలుతురు సరిగా రాకముందే డాడీ నా కాలి బొటనవేలు పట్టి ఊపాడు. "లే బిడ్డ. జర పని ఉన్నది." చెప్పులేసుకుని వెంట నడిచాను. బల్కంపేట సందులో టైలర్ అంకుల్ లుంగీ ఎగ్గట్టి సిద్ధంగా ఉన్నాడు. డాడీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, అంకుల్, నేను వెనకనుంచి తోశాం. సందు చివరికి వచ్చాక బండి గట్టిగా దగ్గి, మా మొహాల మీద ఇంత పొగ ఊది స్టార్ట్ అయింది. దాన్ని సందులోనే అటూ ఇటూ తిప్పి బాగా వేడి చేసి, తెచ్చి యథాస్థానంలో నిలబెట్టి ఆపేశాడు. "డాడీ, ఇది దేవుణ్ణి మోసం చేసుడు కాదా?" అన్నాను. డాడీ చేతులు తుడుచుకుంటూ చాలా గంభీరంగా అన్నాడు. "మోసం కాదు బిడ్డ, సాయం. చల్లటి ఇంజన్ అంటే దేవునికి సుత కష్టమే." ఈలోగా టైలర్ అంకుల్ తన వంతు సాయంగా ఎల్లమ్మ తల్లికి మొక్కి తెచ్చిన నిమ్మకాయలు ముందు బంపర్‌కి కడుతున్నాడు. డాడీ దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు. "తమ్మీ, జర లోపలి దిక్కు కట్టు. మా అయ్యగారు చూస్తే మంచిగుండదు." (అయ్యగారంటే మా పాస్టరు.)

కాసేపటికి గుడి బట్టల్లో అమ్మ, నానమ్మ, తమ్ముడు వచ్చారు. అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. డాడీ కళ్లు మూసుకుని, తాళం తిప్పాడు. ఒక్క సెల్ఫ్‌కే బండి గుర్రుమంది. నానమ్మ స్తోత్రం అంది. "చూసినవా వదినా," అన్నాడు అంకుల్. అమ్మ బండి ముందుకి వచ్చి, అరచెయ్యి బానెట్ మీద పెట్టి, తియ్యకుండా అలాగే నిలబడింది. బానెట్ ఇంకా వేడిగానే ఉంది. ఎంతైనా డ్రైవర్ భార్య గదా. అద్దంలోంచి డాడీ ఆమెనే చూస్తున్నాడు, చిన్నపిల్లవాడు దొరికిపోయినట్టు.

"దేవుడు ఇయ్యాల శానా పొద్దుగాలనే లేచినట్టున్నడు," అంది అమ్మ. అని చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తీసుకుని, డాడీ పక్కన ఎక్కి కూర్చుంది. కొంగు సర్దుకుంది. "పోనియ్యి," అంది.

బల్కంపేట నుంచి అమీర్‌పేట, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, రోజూ తిరిగే దారే. కానీ ఆ ఎత్తునుంచి చూస్తే కొత్తగా ఉంది. అయిదుగురం ఒక్కచోట ఉన్నాం. నానమ్మ పాట ఎత్తుకుంది, తమ్ముడు సీటు మీద తాళం వేశాడు, డాడీ మీసం కింద నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. అమ్మ మాత్రం రోడ్డు చూడటం లేదు. గేరు మారుస్తున్న ఆయన చెయ్యినే చూస్తోంది. ఆ బండి మాదైపోతే బాగుండు దేవుడా అని, అన్ని రోజులూ వద్దన్న నేనే ఆ వెనక సీట్లో మొక్కుకున్నాను.

పంజాగుట్ట చౌరస్తా దాటామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసా లేచింది. బండి నాలుగు కుదుపులు ఇచ్చి ఆగింది. వెనక హారన్లే హారన్లు. అందరం దిగాం. అమ్మ కూడా దిగబోతే డాడీ కిటికీ మీద చెయ్యి వేశాడు. "నువ్వు దిగకు. కూసో." డాడీ అటువైపు కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుని నడిస్తే, అమ్మను కూర్చోబెట్టే తోశాం. ఫుట్‌పాత్ మీద టిఫిన్ తింటున్న హాస్టల్ కుర్రాళ్లు సాయానికి వచ్చారు. వాళ్లలో ఒకతను నా పక్కనే భుజం ఆనించి, "మేడమ్, మీరు చెప్పిన కోర్సులోనే చేరిన," అన్నాడు. ఆ సమయంలో కౌన్సెలర్ మొహం ఎలా పెట్టాలో నాకెవరూ నేర్పలేదు.

గుడి గేటు దగ్గరికి చేరేసరికి కూడికలో ప్రార్థించిన ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. అయ్యగారు కూడా బైటికి వచ్చారు. "అయితే బండి తీసుకున్నట్టేనా? ప్రతిష్ఠ ప్రార్థన చేసేద్దామా?" అని అడిగారు. డాడీ తల ఎత్తి అమ్మ వైపు చూశాడు. అంత ఆశ ఆయన కళ్లలో నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఊఁ అంటే ఆ క్షణమే కొనేసేవాడు, ఆ తర్వాత మిగిలిన ఉద్యోగమంతా ఆ ఇంజన్‌కే పోసేవాడు. అది అమ్మకీ తెలుసు.

"బండికి వద్దు అయ్యగారూ," అంది అమ్మ, ఆ ఎత్తు సీటు మీదినుంచే. "ఈయనకు చేయుండ్రి. పొద్దుగాల దేవుని పని గూడ ఈయననే చేసిండు."

అందరూ గొల్లున నవ్వారు. డాడీ కూడా నవ్వి తల వంచాడు. అయ్యగారు నిజంగానే ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తల ఎత్తిన డాడీ కళ్లు తుడుచుకుంటుంటే, ఆవిరి కొట్టిందని మాలో మేము సర్దిచెప్పుకున్నాం.

ఆరాధన అయ్యాక రేడియేటర్‌లో నీళ్లు నింపి, బండిని టైలర్ అంకుల్‌కి తిరిగి ఇవ్వడానికి బయల్దేరాం. నానమ్మ ఇక ఆ బండి ఎక్కనంది, తమ్ముణ్ణి తోడు తీసుకుని ఆటోలో పోయింది. ముందు డాడీ, అమ్మ, వెనక నేను. అమీర్‌పేట వైపు తిరగాల్సింది పోయి డాడీ ఖైరతాబాద్ వైపు తిప్పాడు. ఇటెందుకు అన్నాను. "ఇంజన్ జర చల్లబడనీ బిడ్డ," అన్నాడు. (నడిపితే చల్లబడే ఇంజన్ గురించి నేను మళ్లీ ఎక్కడా వినలేదు.) ఆయన ఆఫీసు గేటు ముందు బండి బాగా మెల్లగా పోనిచ్చాడు. వాచ్‌మన్ పేపరు చదువుకుంటున్నాడు, తల ఎత్తలేదు. డాడీ ముందుకి పోయి, యూటర్న్ తీసుకుని, మళ్లీ తిరిగి వచ్చాడు. ఈసారి ఆ దగ్గుకి వాచ్‌మన్ తల ఎత్తాడు.

"అరే, డ్రైవర్ సాబ్. ఎవరిది బండి?"

డాడీ "మాదే," అన్నాడు.

అమ్మ వాచ్‌మన్ వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపింది. జీవితంలో అమ్మ అబద్ధం ఆడగా నేను చూసింది ఆ ఒక్కసారే. బల్కంపేట చేరాక తాళం అంకుల్ చేతిలో పెట్టి డాడీ, "వద్దులే తమ్మీ," అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి డాడీ సరిగా అన్నం తినకపోతే అమ్మ ఇంత పెరుగు వడ్డించి, "కూసున్న గద, చాలు," అంది. ఆ బండి కొనకపోవడమే సరైందని నాకు ఎప్పుడూ తెలుసు. అయినా అది మా ఇంటి ముందు ఒక్క రోజైనా నిలబడలేదని ఇప్పటికీ నాకు బెంగే.

నానమ్మ పోయింది. తమ్ముడు పెళ్లి చేసుకుని వేరే కాపురం ఉంటున్నాడు. డాడీకి చూపు మందగించి, డాక్టరు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. నేను ఎన్ని బ్రోచర్లో చూసి, ఎంతమంది సలహాలో విని, పొగ రాని కొత్త బండి కొన్నాను. తెచ్చిన మొదటి ఆదివారం గొప్పగా ముందు తలుపు తీసి పట్టుకుని, "అమ్మా, ఎక్కు," అన్నాను. అమ్మ ఆ సీటు వైపు ఒకసారి చూసి, "నాకెందుకు బిడ్డ అక్కడ," అంది. వెనక తలుపు తీసుకుని, అప్పటికే ఎక్కిన డాడీ పక్కన కూర్చుంది. ఇన్నేళ్లూ ఆమెకు కావాల్సింది ముందు సీటనుకున్న కౌన్సెలర్ను నేనే.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ముందర నేను ఒక్కదాన్నే, వాళ్ల డ్రైవర్‌ని. పంజాగుట్ట దగ్గర బండ్లు ఆగిపోగానే వెనకనుంచి డాడీ గొంతు వినిపిస్తుంది. "గేరు దించు బిడ్డ." ఈ బండికి గేరు మార్చే పనే లేదు, అదే మార్చుకుంటుంది. అద్దంలో చూస్తే అమ్మ ఆయన వైపు తిరిగి కూర్చుని ఉంటుంది. నేను ఊరికే చెయ్యి అటు ఇటు కదిపి, "దించిన డాడీ," అంటాను.